మూడుసార్లు చదివినా మాక్ టెస్టులో మార్కులు ఎందుకు రావడం లేదు?

నీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. పదకొండో తరగతి సగం దాటింది. కళాశాల ప్రవేశ పరీక్షకు ఇంకా 14 నెలలు ఉంది. బడి అయిపోయాక రోజూ ఐదారు గంటలు చదువుతున్నావు. భౌతికశాస్త్రంలో తొలి ఆరు అధ్యాయాలు మూడేసి సార్లు చదివావు. అయినా ఆ ఆరు అధ్యాయాల మీదే పెట్టిన మాక్ టెస్టులో నూటికి 38 మార్కులు వచ్చాయి. స్నేహితుడు రోజుకు పది గంటలు చదువుతున్నాడని తెలిశాక నిద్ర తగ్గించుకోవాలా, కోచింగ్‌లో చేరాలా, ఈ 14 నెలలను ఎలా పంచుకోవాలి, ఇప్పటికే ఆలస్యమైపోయిందా అని అడుగుతున్నావు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు భౌతికశాస్త్రం, గణితం చెబుతూ ఇరవై రెండేళ్లు గడిపాను. నీది నా విద్యార్థుల వయసే కనుక ‘నువ్వు’ అనే పిలుస్తున్నాను.

నీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను నువ్వు మామూలుగా అనేసి ముందుకు వెళ్లిపోయావు: ‘మూడుసార్లు చదివాను.’ నీ మార్కులు ఆగిపోయింది అక్కడే. ఒకే అధ్యాయాన్ని మూడోసారి తెరిచినప్పుడు ప్రతి పేరా పాత స్నేహితుడిలా పలకరిస్తుంది. ఏ సూత్రం ఎక్కడ ఉందో, ఏ బొమ్మ ఏ పేజీలో కింది మూలన ఉందో కూడా కళ్లకు తెలిసిపోతుంది. ఆ పరిచయాన్నే మనం చదువు వచ్చేయడం అనుకుంటాం. పరీక్ష గదిలో పుస్తకం ఉండదు, పేరా ఉండదు. ప్రశ్న ఒక్కటే ఉంటుంది, జవాబు లోపలి నుంచి రావాలి. దారిలో ఎదురైన మనిషిని గుర్తుపట్టడం వేరు, ఆ మనిషి కళ్లముందు లేనప్పుడు ముఖాన్ని కాగితం మీద గీయడం వేరు. నువ్వు ఇన్నాళ్లూ సాధన చేసింది మొదటిది. పరీక్ష అడిగేది రెండోది.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75 శాతం. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్ల దగ్గర 42 శాతం మిగిలింది, రాసినవాళ్ల దగ్గర 56 శాతం. అదే పరిశోధనలో మరో విడత ప్రయోగం చేసినప్పుడు, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది కూడా మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. చదవగానే కలిగే ధీమా మనల్ని ఎంత మోసం చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది. నీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు, 14 నెలల దూరంలో ఉంది.

ఈ పాఠం నేను ఉపాధ్యాయుడిగా ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదటి కొన్నేళ్లు బోర్డు మీద లెక్క తర్వాత లెక్క చేసి చూపించేవాణ్ణి. అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెబుతానని పిల్లలు అనేవాళ్లు. అందరూ తలలూపేవాళ్లు. పరీక్ష పెడితే సగం కాగితాలు ఖాళీగా వచ్చేవి. తప్పు పిల్లల శ్రద్ధలో ఉందనుకుని ఇంకా ఎక్కువ లెక్కలు చేసి చూపించాను. ఒక ఏడాది గొంతు బాగోలేక మాట్లాడడం తగ్గించాల్సి వచ్చింది. లెక్కను బోర్డు మీద రాసి, పదిహేను నిమిషాలు ఎవరికి వాళ్లు ప్రయత్నించమని చెప్పి, ఆ తర్వాత మాత్రమే చర్చించేవాళ్లం. చేసిన లెక్కల సంఖ్య సగానికి తగ్గింది. అంతకుముందు ఏ తరగతిలోనూ చూడనంత మంచి ఫలితాలు ఆ ఏడాది చూశాను. అప్పటినుంచి నా తరగతిలో నాకంటే పిల్లల కలాలే ఎక్కువ పనిచేస్తాయి.

కాబట్టి నువ్వు మార్చాల్సిన మొదటి అలవాటు ఇది. ఒక అధ్యాయాన్ని ఒకసారి శ్రద్ధగా, అర్థం చేసుకుంటూ చదువు. రెండోసారి తెరవాలనిపించినప్పుడు పుస్తకం మూసేసి తెల్లకాగితం తీసుకో. ఆ అధ్యాయంలో ఏ ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి, ఏ సూత్రం ఎక్కడి నుంచి పుట్టింది, అది ఏ షరతుల్లో చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నవి గుర్తున్నంతవరకు రాయి. మొదట్లో పది నిమిషాలకే కలం ఆగిపోతుంది. అలా ఆగిపోవడం బాధగా ఉంటుంది, కానీ ఆ చోటును ఏ పుస్తకమూ నీకు చూపించలేదు. ఐదు నిమిషాలు గింజుకున్నాక పుస్తకం తెరిచి, రాయలేకపోయిన భాగాన్ని వేరే రంగు కలంతో అదే కాగితం మీద చేర్చు. మరుసటి రోజు ఆ వేరే రంగు భాగాన్ని మాత్రమే మళ్లీ చూడకుండా రాయి. మూడుసార్లు చదవడానికి పట్టే సమయంలో సగం కూడా దీనికి పట్టదు. పచ్చరంగు గీతలతో పుస్తకమంతా నింపే అలవాటు ఉంటే మానేయి. గీత గీసిన చెయ్యికి తృప్తి ఉంటుంది, జ్ఞాపకానికి దక్కేది చాలా తక్కువ.

లెక్కల దగ్గర ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. ప్రశ్న చదువుతాం, ఒక నిమిషం ఆలోచిస్తాం, తట్టకపోతే వెనక పేజీలో సాధన చూస్తాం. చూడగానే ‘ఓహో, ఇంతే కదా’ అనిపిస్తుంది. దాన్ని చేసిన లెక్కల్లో కలిపేసుకుంటాం. కాదు, ఆ లెక్క పుస్తకం చేసింది, నువ్వు చేయలేదు. ఒక లెక్క మీద కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నిలబడు. బొమ్మ గీయి, ఇచ్చినవి రాయి, కావలసింది రాయి, తెలిసిన చిన్న సందర్భంలో ఏమవుతుందో చూడు. అప్పటికీ రాకపోతే సాధనలో మొదటి పంక్తి మాత్రమే చూసి మిగతాది చేత్తో కప్పేయి. పూర్తిగా చూడాల్సి వస్తే చూడు, తప్పు లేదు. కానీ ఆ లెక్క పక్కన గుర్తు పెట్టి మూడు రోజుల తర్వాత ఏమీ చూడకుండా మళ్లీ చేయి. అప్పుడు వస్తేనే అది నీది.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 15 మీటర్ల ఎత్తులో అది ఎప్పుడు ఉంటుంది? సమీకరణం సాధిస్తే రెండు సమాధానాలు వస్తాయి: 1 సెకను, 3 సెకన్లు. పైకి వెళ్తూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి ఆ ఎత్తును దాటుతుంది. చాలామంది ‘1’ దగ్గరే ఆగిపోతారు. పైగా ప్రశ్నలో ‘రెండోసారి ఎప్పుడు’ అని స్పష్టంగా ఉన్నా ఆగిపోతారు. ఎందుకు? బంతి కదలికను ఊహించకుండా సూత్రంలో అంకెలు వేయడానికి చెయ్యి అలవాటు పడింది కాబట్టి. జవాబుల పట్టికలో ‘1 సెకను’ కూడా ఒక ఐచ్ఛికంగా తప్పకుండా ఉంటుంది. ప్రశ్న తయారు చేసేవాళ్లకు మన తొందర ఎక్కడికి దారి తీస్తుందో బాగా తెలుసు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే పని గురించి చెబుతాను: తప్పుల పుస్తకం. నా దగ్గర చదివి మంచి కళాశాలల్లో సీటు తెచ్చుకున్నవాళ్లలో తెలివైనవాళ్లు ఉన్నారు, మామూలువాళ్లు ఉన్నారు, రోజుకు మూడు గంటలే చదివినవాళ్లు కూడా ఉన్నారు. దాదాపు వాళ్లందరిలో నేను చూసిన ఒకే పోలిక, తమ తప్పుల్ని దాచుకోకుండా రాసిపెట్టుకోవడం. ఒక మామూలు నోటుపుస్తకం చాలు. టెస్టులో గానీ సాధనలో గానీ తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ అందులో రాయి. సరైన సాధనను అందంగా ఎక్కించడం దాని పని కాదు. ఎందుకు తప్పు చేశావో ఒక్క వాక్యంలో రాయడమే దాని పని. ఆ వాక్యం రాయడం కష్టం. అందుకే చాలామంది దాన్ని వదిలేసి సాధన ఎక్కించుకుంటారు.

‘తొందరలో తప్పు చేశాను’ అన్నది కారణం కాదు. ప్రతి విద్యార్థీ నా దగ్గరికి ఆ మాటతోనే వస్తాడు. ఒక అమ్మాయి ఏడాదిపాటు తనవి అన్నీ అజాగ్రత్త తప్పులేనని నమ్మింది. ఇంట్లోవాళ్లు కూడా ‘కాస్త శ్రద్ధ పెడితే చాలు’ అనేవాళ్లు. ఇద్దరం కూర్చుని ఆరు మాక్ టెస్టుల తప్పుల్ని ఒక్కొక్కటే విప్పి చూశాం. ఆ అజాగ్రత్త తప్పుల్లో ఎక్కువ భాగం ఒకే చోట జరిగాయి. సెంటీమీటర్లలో ఇచ్చిన కొలతను మీటర్లలోకి మార్చకుండానే లెక్క మొదలుపెట్టేది. అంతే. లెక్క మొదలుపెట్టే ముందు ప్రశ్నలోని ప్రతి ప్రమాణం చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా చుట్టమన్నాను. నెల తిరిగేసరికి ఆ తప్పు మాయమైంది. శ్రద్ధ పెట్టు అన్న సలహా ఏడాదిలో చేయలేని పనిని ఒక పెన్సిలు గీత చేసింది, ఎందుకంటే అప్పటికి తప్పుకు పేరు దొరికింది.

నీ తప్పులు కూడా వేర్వేరు జాతులవి. విషయం అసలు తెలియక పోయినవి కొన్ని. విషయం తెలిసినా ఇక్కడ అదే వాడాలని తట్టక పోయినవి కొన్ని. గుర్తు దగ్గర, కూడిక దగ్గర జారినవి, ప్రశ్న సరిగ్గా చదవక పోయినవి, సమయం చాలక ఊహించినవి ఇంకొన్ని. మొదటి జాతికి మందు పాఠం మళ్లీ చదవడం. రెండోదానికి చదవడం ఏమాత్రం పనికిరాదు, రకరకాల లెక్కలు కలిపి చేయాలి. మూడోదానికి రాత పద్ధతి మారాలి: చిత్తు లెక్కను మూలల్లో ఇరికించకుండా వరుసగా రాయడం లాంటివి. నీకు వచ్చిన 38 మార్కుల కాగితాన్ని పక్కన పారేసి ఉంటే వెతికి తెచ్చుకో. పోయిన 62 మార్కుల్లో ఏ జాతి ఎన్నో లెక్క కట్టు. వచ్చే రెండు నెలలు ఏం చేయాలో ఆ లెక్క చెప్పినంత స్పష్టంగా నేను గానీ మరెవరైనా గానీ చెప్పలేం. ప్రతి ఆదివారం ఆ పుస్తకంలో పాత పేజీలు తిరగేసి, ఐదు ప్రశ్నలు మళ్లీ చేయి. పరీక్ష ముందు వారం నువ్వు తెరవాల్సిన పుస్తకం కూడా అదొక్కటే.

పైన రెండో జాతి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే బాగా చదివే పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. అధ్యాయం చివర ఇచ్చిన యాభై లెక్కలు చేస్తే యాభైకి నలభై ఐదు వస్తాయి. మాక్ టెస్టులో అలాంటి లెక్కే రాదు. కారణం తేలికైనదే. ‘శక్తి నిత్యత్వం’ అనే శీర్షిక కింద ఉన్న లెక్కకు ఏ సూత్రం వాడాలో శీర్షికే చెప్పేసింది. సగం జవాబు చేతికి అందాకే నువ్వు మొదలుపెట్టావు. పరీక్షలో శీర్షికలు ఉండవు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ ప్రచురించిన ఒక పరిశోధన దీన్ని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలను కొందరు రకం తర్వాత రకంగా, మరికొందరు అన్నీ కలగలిపి సాధన చేశారు. సాధన సమయంలో విడివిడిగా చేసినవాళ్లకు 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలగలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో విడివిడిగా చేసినవాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలగలిపి చేసినవాళ్లు 63 శాతం తెచ్చుకున్నారు. కొత్త అధ్యాయం నేర్చుకునే మొదటి రెండు రోజులు దాని లెక్కలే చేయి, అది అవసరం. ఆ తర్వాత రోజూ పాత అధ్యాయాల నుంచి కూడా పది లెక్కలు చీటీలు తీసినట్టు ఎంచుకుని కలిపి చేయి. మార్కులు కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తాయి. భయపడి పాత పద్ధతికి వెళ్లిపోకు.

మరిచిపోవడం గురించి కూడా చాలామంది పిల్లలు అనవసరంగా కుంగిపోతారు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత జారిపోతోందో కొలిచి 1885లో పుస్తకంగా అచ్చువేశాడు. గంట గడిచేసరికే సగానికి పైగా, ఒక రోజుకు సుమారు మూడింట రెండు వంతులు జారిపోయినట్టు ఆయన లెక్క. అర్థంతో చదివిన పాఠం ఇంత వేగంగా పోదు, కానీ దారి అదే. కాబట్టి మరిచిపోవడం నీలో లోపం కాదు, జ్ఞాపకం పనిచేసే తీరే అది. విరామం ఇచ్చి మళ్లీ గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ జారడం నెమ్మదిస్తుంది. ఒక అధ్యాయం పూర్తయ్యాక మరుసటి రోజు, ఆపై వారానికి, ఆపై నెలకు, ఆపై రెండు నెలలకు దాన్ని తెల్లకాగితం మీద పలకరించు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీలు ముందే రాసిపెట్టుకో. ఒకేరోజు నాలుగు గంటలు రివిజన్ చేసేకంటే, అవే నాలుగు గంటలను ఈ నాలుగు తేదీలకు పంచడం ఎంతో మేలు.

14 నెలల లెక్క చెప్పమన్నావు. మొదట అధికారిక సిలబస్‌ను, పాత ప్రశ్నపత్రాలను సంపాదించు. ఏ పుస్తకం కొనాలన్న చర్చ ఆ తర్వాత. ఒక పాత ప్రశ్నపత్రాన్ని ఇప్పుడే, సగం సిలబస్ కూడా కాకముందే, గడియారం పెట్టుకుని రాయి. మార్కుల కోసం కాదు, ఆ పరీక్ష ఎలా అడుగుతుందో తెలుసుకోవడం కోసం. ఆపై తొమ్మిది నెలల్లో సిలబస్ పూర్తిచేసేలా పంచుకో, అందులో ప్రతి నాలుగో వారాన్ని కొత్త పాఠం లేకుండా పాతవాటికి వదిలేయి. ఆ ఖాళీ వారం లేని ప్రణాళికలు మొదటి జ్వరానికో, మొదటి బడి పరీక్షకో కూలిపోవడం ఎన్నోసార్లు చూశాను. తర్వాత మూడు నెలలు బలహీనమైన అధ్యాయాలకు, కలగలిపిన సాధనకు. చివరి రెండు నెలలు పూర్తి నిడివి మాక్ టెస్టులకు. బడి పరీక్షలను శత్రువులుగా చూడకు. పాఠాలు చాలావరకు అవే. నిర్వచనాలను, నిరూపణలను వివరంగా రాయగలిగినవాడికి ఐచ్ఛికాలు ఎంచుకోవడం సులువవుతుంది.

ఇక గంటల సంగతి. నీ స్నేహితుడి పది గంటల్లో పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ గడిపినవి ఎన్నో నాకు తెలియదు, నీకూ తెలియదు. నీ గంటలే కొలుచుకుందాం. ఫోను వేరే గదిలో పెట్టి, బల్ల మీద ఒక పనికి కావలసినవే ఉంచుకుని, యాభై నిమిషాలు కూర్చుని చూడు. అలాంటి గంటలు బడి ఉన్న రోజున మూడు, నాలుగు, సెలవు రోజున ఆరేడు చేయగలిగితే అది గట్టి చదువు. నిద్ర మాత్రం తగ్గించకు. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య నిపుణుల అకాడమీ 2016లో సిఫారసు చేసింది. పగలు నేర్చుకున్నది స్థిరపడడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. రాత్రి రెండింటిదాకా మేలుకుని చదివిన పిల్లలు మరునాడు తరగతిలో కళ్లు తెరిచే నిద్రపోతూ కనిపిస్తారు. సంపాదించిన రెండు గంటలకు ఆరు గంటలు చెల్లిస్తారు.

కోచింగ్ కావాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. అది ఇవ్వగలిగేవి క్రమం తప్పని షెడ్యూలు, టెస్టులు, సందేహాలు తీర్చే మనిషి, పక్కన కూర్చుని చదివే తోటివాళ్లు. ఈ నాలుగింటిలో నీకు ఏవి లేవో చూసుకో. టెస్టులు మాత్రమే కావాలంటే టెస్టుల కోసమే చేరవచ్చు. సందేహాలకు మనిషి కావాలంటే బడిలో ఉపాధ్యాయుణ్ణి అడగడానికి ఎందుకు వెనకాడుతున్నావో ఆలోచించు. సిద్ధమైన ప్రశ్నతో వచ్చిన విద్యార్థి అంటే మాకు ఎంత ఇష్టమో చాలామంది పిల్లలకు తెలియదు. ఒకటి మాత్రం జాగ్రత్తగా చూడు: చేరాక నీ సొంత సాధనకు రోజుకు రెండు గంటలైనా మిగలకపోతే, ఆ కోచింగ్ ఎంత మంచిదైనా నీకు నష్టమే.

మాక్ టెస్టు రాయడం ఒక పని, దాన్ని విప్పి చూడడం అంతకంటే పెద్ద పని. మూడు గంటల టెస్టుకు నాలుగు గంటల విశ్లేషణ పట్టినా ఎక్కువ అనుకోకు. అంత తీరిక లేకపోతే టెస్టులు తగ్గించుకో. వారానికి నాలుగు రాసి నాలుగింటిలోనూ అవే తప్పులు చేసినవాళ్లను చూశాను. అసలు పరీక్ష ఏ వేళకు ఉంటుందో ఆ వేళకే రాయి, మధ్యలో లేవకు. కాగితాన్ని మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా వరుసగా దున్నుకుంటూ పోకు. తొలి విడతలో చూడగానే దారి తెలిసినవి చేసేయి. రెండో విడతలో దారి తెలిసి లెక్క పొడవైనవి. మిగిలినవి చివర్లో. ఒక ప్రశ్న మీద నాలుగు నిమిషాలు దాటి దారి కనిపించకపోతే దాన్ని వదిలేయడం ఓటమి కాదు. కానీ దీన్ని పరీక్ష రోజున కొత్తగా చేయలేవు, మాక్ టెస్టుల్లోనే వదిలేయడం అలవాటు చేసుకోవాలి.

నెగటివ్ మార్కుల గురించి అపోహలు చాలా ఉన్నాయి కనుక లెక్క కట్టి చూపిస్తాను. నాలుగు ఐచ్ఛికాలు, సరైనదానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత అనుకుందాం. ఏమీ తెలియకుండా ఒకటి గీస్తే సగటున పావు మార్కు లాభం. అది అదృష్టం మీద ఊగిసలాడే లాభం, లెక్కలోకి తీసుకోదగ్గది కాదు. ఒక ఐచ్ఛికం కచ్చితంగా తప్పని తెలిస్తే సగటు లాభం మార్కులో మూడింట రెండు వంతులు. రెండింటిని కొట్టేయగలిగితే ఒకటిన్నర మార్కు. అంటే రెండు ఐచ్ఛికాల మధ్య ఆగిపోయినప్పుడు ఖాళీగా వదలడమే నష్టం. అదే పరీక్షలో సరైనదానికి 1, తప్పుకు మూడోవంతు కోత ఉంటే గుడ్డిగా గీసినదానికి సగటున వచ్చేది సున్నా. నీ పరీక్ష నియమం ఏదో దాని లెక్క నువ్వే ఒకసారి కట్టుకో. అయితే ‘తప్పని తెలుసు’ అన్నది నిజంగా తెలియడమా, అనిపించడమా అన్నది నీ తప్పుల పుస్తకమే చెప్పాలి. ఊహించి గీసిన ప్రతి ప్రశ్న పక్కన మాక్ టెస్టులో చిన్న చుక్క పెట్టు. పది టెస్టుల తర్వాత ఆ చుక్కల్లో ఎన్ని సరైనవో లెక్కిస్తే, నీ ఊహను ఎంత నమ్మవచ్చో తెలుస్తుంది.

మొదట తట్టిన జవాబును మార్చకూడదని కూడా చెబుతుంటారు. జస్టిన్ క్రూగర్, ఇద్దరు సహ పరిశోధకులు 2005లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థుల జవాబు పత్రాల మీద చెరిపి మార్చిన 3,291 గుర్తులను లెక్కించారు. 51 శాతం మార్పులు తప్పు నుంచి ఒప్పుకు, 25 శాతం ఒప్పు నుంచి తప్పుకు వెళ్లాయి. మిగతావి ఒక తప్పు నుంచి మరో తప్పుకు. ఒప్పును చెరిపి తప్పు పెట్టిన సందర్భం మనసును ఎక్కువ బాధిస్తుంది, అందుకే అదే గుర్తుండిపోతుంది. కారణం దొరికితే మార్చు. భయం ఒక్కటే కారణమైతే మార్చకు.

భయం అన్నాను కాబట్టి ఒక మాట. చికాగో విశ్వవిద్యాలయంలో జెరార్డో రమీరెజ్, సియాన్ బైలాక్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ ఆందోళనను దాచకుండా కాగితం మీద రాసిన విద్యార్థులు, ముఖ్యంగా ఎక్కువ భయపడేవాళ్లు, మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. నా తరగతిలో పెద్ద టెస్టుకు ముందు ఇది చేయిస్తాను. ఆ కాగితాలు నేను చదవను, వాళ్లే చించేస్తారు. నువ్వు కూడా చేసి చూడు. ఇంట్లోవాళ్లకు మార్కులు మాత్రమే చూపిస్తే వాళ్లకు మిగిలేది భయమే. తప్పుల పుస్తకం కూడా చూపించు, ఈ నెల ఏ తప్పు పోయిందో చెప్పు. అది చూసిన తల్లిదండ్రులు ‘ఎన్ని గంటలు చదివావు’ అని అడగడం తగ్గించడం నేను గమనించాను. ఒకవేళ నిద్ర పట్టకపోవడం, తిండి మీద ఇష్టం పోవడం వారాల తరబడి సాగితే మాత్రం దాన్ని చదువు సమస్యగా చూడకుండా వెంటనే పెద్దవాళ్లతో, అవసరమైతే వైద్యుడితో మాట్లాడు.

ఆలస్యమైందా అని అడిగావు. లేదు. 14 నెలలు ముందుగా 38 మార్కుల కాగితం చేతికి రావడం నిజానికి నీకు కలిసొచ్చింది. ఇదే కాగితం రెండు నెలల ముందు చూసి నా దగ్గరికి వచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. నీతో అలా కాదు.

ఈ ఆదివారం ఉదయం ఆ ఆరు అధ్యాయాల్లో నీకు బాగా వచ్చనుకుంటున్న ఒక్కదాన్ని ఎంచుకో. పుస్తకం మూసి అవతలి గదిలో పెట్టేయి. తెల్లకాగితం, కలం, ముప్ఫై నిమిషాలు. ఎంత వస్తే అంతే రాయి, ఎవరికీ చూపించాల్సిన పని లేదు. రాసినదాంట్లో మొట్టమొదట కలం ఎక్కడ ఆగిందో నాకు రాసి పంపు. అక్కడి నుంచి మొదలుపెడదాం.